ముందు గడి లెక్క, తర్వాతే బొమ్మ: టేబుల్‌టాప్ ఆటల్లో వర్చువల్ మ్యాపులు

ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటకు కొత్తగా వర్చువల్ మ్యాప్ (కంప్యూటర్ తెర మీది పటం) పెట్టుకున్న వాళ్లకు మొదటి రోజే ఎదురయ్యే తంటా ఒకటుంది. మ్యాప్ ఎడమ మూలన టోకెన్ (పాత్రకు గుర్తుగా ఉండే బిళ్ల) గడిలో చక్కగా కూర్చుంటుంది. దాన్ని లాక్కుంటూ కుడి అంచుకు వెళ్లేసరికి సగం గదిలో, సగం గోడలో నిలబడి ఉంటుంది. "నేను తలుపు దగ్గరున్నానా, గోడలో ఉన్నానా?" అని ప్లేయర్ అడుగుతాడు. "తలుపు దగ్గరే అనుకో" అంటాడు ఆట నడిపించే గేమ్ మాస్టర్. ఆ 'అనుకో' అన్న మాట వచ్చిందంటే మ్యాప్ తన పని చెయ్యట్లేదనే లెక్క.

పులి-మేక ఆటలో పటం మీది గీతలన్నీ ఇద్దరికీ కనిపిస్తాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో అలా కాదు. గేమ్ మాస్టర్‌కు అంతా తెలుసు, మిగతా వాళ్లకు తమ పాత్ర చూడగలిగినంత మేరే తెలియాలి. కాబట్టి ఇక్కడ మ్యాప్ చేయాల్సిన పనులు రెండు: దూరం కొలవడం, కనిపించకూడనిది దాచడం. అందం మూడో స్థానంలో ఉంటుంది. చిక్కేమిటంటే, డబ్బు పెట్టి కొనేటప్పుడు అందరి కళ్లూ ముందు ఆ మూడోదాని మీదే పడతాయి. నాచు పట్టిన రాళ్లూ, పారే నీళ్లూ చూసి మ్యాప్ తెచ్చుకుని, గడి లెక్క చూడకుండా ఆట మొదలెడతారు.

1974లో వచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ సైనిక బొమ్మల ఆటల కడుపున పుట్టింది. అందుకే అందులో దూరాలన్నీ అంగుళాల్లోనే రాశారు. లోపలైతే అంగుళానికి 10 అడుగులు, ఆరుబయట 10 గజాలు. ఇప్పుడు చాలామంది ఆడే అయిదో ఎడిషన్‌లో గ్రిడ్ (గళ్ల చట్రం) మీద ఒక గడి 5 అడుగులు. బల్ల మీద ఆడితే ఆ గడి ఒక అంగుళం. మినియేచర్ బొమ్మల అడుగు బిళ్లలు కూడా దాదాపు అంగుళం వెడల్పే ఉంటాయి. ఒక గడి, 5 అడుగులు, 1 అంగుళం అన్న ఈ మూడింటికీ తెర మీద నాలుగోది తోడవుతుంది: పిక్సెల్, అంటే బొమ్మలోని ఒక్కో చుక్క.

గడికి ఎన్ని పిక్సెళ్లు?

ఇలాంటి మ్యాపుల మీద ఆట ఆడించే సాఫ్ట్‌వేర్లను వీటీటీలు (వర్చువల్ టేబుల్‌టాప్) అంటారు. వాటిలో ఒకటైన రోల్20లో మామూలుగా గడికి 70 పిక్సెళ్లు. ఇంకొకటైన ఫౌండ్రీ వీటీటీలో కొత్త సీన్ (ఒక మ్యాప్ పెట్టుకునే పేజీ) తెరిస్తే 100 ఉంటుంది. బొమ్మ ఏ కొలతలో గీశారో, సాఫ్ట్‌వేర్‌కు ఏ కొలత చెప్పామో ఆ రెండూ కలవకపోతేనే పైన చెప్పిన తంటా వస్తుంది.

ఒక ఉదాహరణ. ఎక్కడో దొరికిన మ్యాప్ 2987 × 2240 పిక్సెళ్లు ఉంది. గడులు లెక్కపెడితే అడ్డంగా 32, నిలువుగా 24. 2987ని 32తో భాగిస్తే గడికి 93.34 పిక్సెళ్లు. ఫౌండ్రీలో గడి కొలత పూర్ణ సంఖ్యే అయి ఉండాలి కాబట్టి చాలామంది 93 అని కొట్టేస్తారు. పోయింది పిక్సెల్‌లో మూడో వంతే కదా అనిపిస్తుంది. కానీ 32 గడులు దాటేసరికి 11 పిక్సెళ్లు జరిగిపోతుంది, అంటే గడిలో దాదాపు తొమ్మిదో వంతు. 80 గడుల పెద్ద మ్యాప్ అయితే పావు గడికి పైనే. గీతల్ని మౌస్‌తో అటూ ఇటూ జరిపి సరిచేద్దామని గంటలు తగలేయడం దండగ, ఎందుకంటే తప్పు గీతలు మొదలయ్యే చోట లేదు, గడి వెడల్పులో ఉంది. ఒక మూల కుదిరిస్తే ఇంకో మూల తప్పుతుంది.

దీనికి మందు బొమ్మనే మార్చడం. ఏ ఫోటో ఎడిటర్‌లోనైనా తెరిచి కొలతలు 3200 × 2400 చేసి భద్రపరిస్తే గడి సరిగ్గా 100 అవుతుంది. ఆపైన జరపాల్సింది గ్రిడ్ మొదలయ్యే చోటు ఒక్కటే. బొమ్మ చుట్టూ ఖాళీ అంచు ఉంటే కొలతలు మార్చకముందే దాన్ని కత్తిరించాలి. అంచును కలుపుకుని భాగిస్తే లెక్క మొత్తం తప్పు. రోల్20లో ఇంకో దారి ఉంది: బొమ్మ మీద 3 × 3 గడుల మేర చతురస్రం గీసి చూపిస్తే సాఫ్ట్‌వేరే సరిచేసుకుంటుంది. చెయ్యి కాస్త వణికినా తేడా వస్తుంది కాబట్టి, గడుల సంఖ్య తెలిసినప్పుడు కొలతల పెట్టెలో 32, 24 అని నేరుగా ఇవ్వడమే మేలు. చాలామంది చిత్రకారులు ఫైలు పేరులోనే 32×24 అని రాసి ఇస్తారు. పేరు మార్చేటప్పుడు ఆ ముక్క చెరిపేయకూడదు.

గ్రిడ్ బొమ్మలోనే గీసి ఉన్న మ్యాపూ, గ్రిడ్ లేనిదీ రెండూ దొరికితే లేనిదాన్నే తీసుకోవాలి. బొమ్మలో ఒక గ్రిడ్, దాని మీద సాఫ్ట్‌వేర్ గ్రిడ్ పడితే వెంట్రుకవాసి తేడా అయినా జంట గీతలై కంటిని పీకుతుంది.

ఫైలు బరువు వేరు, బొమ్మ బరువు వేరు

"ఫైలు 4 ఎంబీయే, అయినా లాప్‌టాప్ ఎందుకు ఉడికిపోతోంది?" అన్నది తరచూ వినిపించే ప్రశ్న. ఫైలు సైజు నెట్‌కు సంబంధించిన సంగతి. బ్రౌజర్ దాన్ని విప్పి గ్రాఫిక్స్ మెమరీలో పెట్టాక ప్రతి పిక్సెల్‌కూ 4 బైట్లు పడతాయి, ఫైలు రకం జేపెగ్ అయినా వెబ్‌పీ అయినా ఒకటే. 40 × 40 గడుల మ్యాప్‌ను గడికి 200 పిక్సెళ్ల చొప్పున తెస్తే 8000 × 8000. అంటే 25.6 కోట్ల బైట్లు, ఒక్క నేలబొమ్మకే 256 ఎంబీ. అదే 100 పిక్సెళ్ల చొప్పున చేస్తే 64 ఎంబీతో సరిపోతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో, పక్కన వీడియో కాల్ కూడా నడుస్తుంటే, ఈ నాలుగు రెట్ల తేడా ఆట సాగడానికీ ఆగడానికీ మధ్య తేడా.

గడికి 100 పిక్సెళ్లు తక్కువేం కాదు. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద ఒకేసారి 20 గడులు చూస్తే ఒక్కో గడికి వచ్చేది 96. అంతకు మించి ఉన్న వివరం దగ్గరగా జూమ్ చేస్తే తప్ప ఎవరికీ కనిపించదు. పోరాటం మధ్యలో అలా జూమ్ చేసి రాళ్ల మీద నాచు చూసే వాళ్లు అరుదు.

ఇక నెట్ సంగతి. ఫౌండ్రీ లైసెన్సు గేమ్ మాస్టర్ ఒక్కరు ఒక్కసారి కొంటే చాలు, మిగతా వాళ్లు బ్రౌజర్‌లో చేరతారు. అయితే సర్వర్ నడిపేది గేమ్ మాస్టర్ కంప్యూటరే అయితే మ్యాప్ అందరికీ అక్కడి నుంచే వెళ్లాలి. 10 ఎంబీ పీఎన్‌జీ, అయిదుగురు ప్లేయర్లు: మొత్తం 50 ఎంబీ, అంటే 400 మెగాబిట్లు. పైకి పంపే వేగం సెకనుకు 10 మెగాబిట్లయితే 40 సెకన్లు అందరూ నల్ల తెర చూస్తూ కూర్చోవాలి. అదే బొమ్మను 2 ఎంబీ వెబ్‌పీ చేస్తే 8 సెకన్లు. సీన్ పేరు మీద కుడి క్లిక్ చేస్తే ముందే లోడ్ చేసే ఆప్షన్ ఉంటుంది. ప్లేయర్లు సత్రంలో కబుర్లాడుతున్నప్పుడే గుహ మ్యాప్‌ను అలా పంపేస్తే ఆ 8 సెకన్లూ ఎవరికీ తెలియవు.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. ఫౌండ్రీ 30000 నంబరు పోర్టులో (నెట్ నుంచి లోపలికి వచ్చే దారిలో) నడుస్తుంది, రూటర్‌లో దాన్ని తెరిస్తే బయటి వాళ్లు చేరొచ్చని ప్రతి గైడూ చెబుతుంది. కానీ మన దేశంలో చాలా ఇంటర్నెట్ కనెక్షన్లు సీజీనాట్ వెనక ఉంటాయి. అంటే ఒకే పబ్లిక్ అడ్రసును ఎందరో చందాదారులకు పంచుతారు. అలాంటప్పుడు రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి ఎవరూ రాలేరు. రూటర్ పేజీలో కనిపించే వ్యాన్ (WAN, అంటే బయటి నెట్ వైపు) అడ్రసూ, 'నా ఐపీ ఏది' అని నెట్‌లో వెతికితే వచ్చే అడ్రసూ వేరువేరుగా ఉంటే సీజీనాట్ ఉన్నట్టే అనుకోవచ్చు. అప్పుడు రూటర్‌తో కుస్తీ మానేసి, పోర్టు తెరవకుండానే బయటి వాళ్లను కలిపే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్, టెయిల్‌స్కేల్ లాంటి దారి పట్టాలి. లేదంటే ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రసు) ప్రయత్నించాలి, కానీ అది రెండు వైపులా ఉండాలి. ఇదంతా తలనొప్పి అనుకుంటే అద్దె సర్వరో, రోల్20 లాంటి సైటో మేలు. ఫోన్లలో చేరే ప్లేయర్లు ఎక్కువగా ఉన్న జట్టుకు ఫౌండ్రీ అసలు నప్పదు, పెద్ద తెరను దృష్టిలో పెట్టుకుని కట్టింది కాబట్టి. అలాంటి వాళ్లకు ఔల్‌బేర్ రోడియో అనే తేలికపాటి సైటు చాలు. బొమ్మ ఎక్కించి, టోకెన్లు పెట్టి, లింకు పంపితే అయిదు నిమిషాల్లో ఆట మొదలవుతుంది.

దాచడంలో ఉన్న కిటుకులు

దాచడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి చేత్తో తీసే ఫాగ్: మ్యాప్ మొత్తం నల్లగా కప్పి ఉంచి, గది గదికీ గేమ్ మాస్టర్ తెర తీస్తాడు. రెండోది గోడలూ దీపాలూ పెట్టి, ఎవరికి ఎంత కనిపించాలో సాఫ్ట్‌వేర్‌నే లెక్కగట్టమనడం. రెండోదాని హంగు చూసి ప్రతి మ్యాప్‌కూ అదే చేయాలనుకుంటారు. పట్టపగలు, చదును మైదానంలో జరిగే పోరాటానికి గోడలు గీస్తూ కూర్చోవడం వృథా శ్రమ. చీకటీ, మలుపులూ, తలుపులూ ఉన్న చోటే దాని విలువ తెలుస్తుంది.

గోడ గీసేటప్పుడు గీతను రాతిగోడ బొమ్మ లోపలి అంచున కాక కాస్త మందంలోకి జరిపి గీయాలి. సరిగ్గా అంచున గీస్తే ప్లేయర్లకు నేల మాత్రమే కనిపిస్తుంది, గోడ చీకట్లో కలిసిపోతుంది. గది ఆకారమే అర్థం కాదు. ఒక గీత ముగిసిన బిందువు దగ్గరే రెండోది మొదలు కావాలి. మధ్యలో ఒక్క పిక్సెల్ సందు మిగిలినా అందులోంచి పక్క గదిలోకి సన్నటి చూపు చీల్చుకుని వెళుతుంది, అక్కడ పొంచి ఉన్నదాని తోక కనబడిపోతుంది. ఫౌండ్రీలో కంట్రోల్ మీట నొక్కి గీస్తే గీతలు గొలుసులా కలుస్తూ పోతాయి. గుహ వంపుల్ని నునుపుగా గీయాలని వందల చిన్న ముక్కలు పెట్టకూడదు. టోకెన్ కదిలిన ప్రతిసారీ చూపును ఆ ముక్కలన్నిటితో లెక్కగట్టాలి కాబట్టి యంత్రం మొరాయిస్తుంది. వంపుకు నాలుగైదు ముక్కలు చాలు, చీకట్లో ఎవరూ కోణాలు కొలవరు.

తలుపు ఎప్పుడూ విడి ముక్కే. కిటికీకి చూపును వదిలి నడకను ఆపే రకం గీత వాడాలి. తెరగుడ్డకు సరిగ్గా దానికి తిరగేసినట్టు, నడవొచ్చు కానీ అవతల కనిపించదు. ఈ రెండూ తారుమారు చేసి, కిటికీలోంచి దొంగలా దూరిపోయిన పాత్రను చూసి నవ్వుకున్న జట్లు చాలానే ఉంటాయి.

దీపాల దగ్గర ఒక అంకె పదేపదే తప్పు పడుతుంది. అయిదో ఎడిషన్ నియమాల్లో కాగడా 20 అడుగుల వరకు మంచి వెలుతురు, 'ఆపైన మరో 20 అడుగులు' మసక వెలుతురు ఇస్తుంది. పుస్తకంలో చూసి ఫౌండ్రీలో 20, 20 అని నింపుతారు, మసక అసలు కనిపించదు. అక్కడ రెండో అంకె కేంద్రం నుంచి కొలిచే మొత్తం దూరం, కాబట్టి 20, 40 అని ఇవ్వాలి. అలాగే మూలకు అడ్డంగా నడిచే దూరం. అయిదో ఎడిషన్ మామూలు నియమంలో ఐమూలగా దాటిన ప్రతి గడీ 5 అడుగులే. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట రెండో ఎడిషన్‌లో ఒకటి 5, తర్వాతిది 10, మళ్లీ 5. సెట్టింగ్ ఆటకు తగ్గట్టు మార్చకపోతే కొలబద్ద ఒకటి చెబుతుంది, రూల్ పుస్తకం ఇంకోటి చెబుతుంది. మంత్రం అందిందా లేదా అన్న వాదన అరగంట సాగుతుంది.

గోడలు గీసే ఓపిక లేకపోతే, యూనివర్సల్ వీటీటీ ఫైలుగా ఇచ్చే మ్యాపులు చూసుకోవాలి. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ డంజన్‌డ్రాఫ్ట్‌లో చేసిన మ్యాప్‌ను అలా బయటికి తీస్తే బొమ్మతో పాటు గోడలు, తలుపులు, దీపాలు కూడా ఒకే ఫైలులో వస్తాయి. ఫౌండ్రీలో దాన్ని తెరవడానికి ఒక మాడ్యూల్ (విడిగా తగిలించుకునే అదనపు ముక్క) కావాలి. మాడ్యూళ్ల గురించి ఒక్క మాట: ఆట ఉన్న రోజు ఏదీ అప్‌డేట్ చేయొద్దు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మాడ్యూళ్లు వెంటనే సిద్ధంగా ఉండవు.

గోడలన్నీ కుదిరాక కూడా రహస్యం ఇంకో దారిన కారిపోతుంది: పేర్ల దారిన. సీన్‌కు 'నకిలీ పూజారి పాతాళ గది' అని పేరు పెడితే తెర పైన ఉండే వరుసలో ప్లేయర్లందరికీ అదే కనిపిస్తుంది. అక్కడ చూపించడానికి వేరే పేరు ఇచ్చే పెట్టె ఫౌండ్రీలో ఉంది, దాన్ని వాడేవాళ్లే తక్కువ. గది నంబర్లూ, రహస్య ద్వారం గుర్తులూ ఉన్న గేమ్ మాస్టర్ ప్రతిని పొరపాటున ఎక్కించడం కూడా ఇలాంటిదే. మ్యాప్ మీద ఊళ్ల పేర్లు తెలుగులో కావాలంటే వాటిని బొమ్మలో కలపకుండా వీటీటీలోని టెక్స్ట్ పనిముట్టుతో రాయడం మంచిది. మ్యాప్ గీసే సాఫ్ట్‌వేర్లు కొన్నిటిలో తెలుగు ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పడతాయి. బ్రౌజర్‌లో ఆ బాధ ఉండదు.

బల్ల మీద టీవీ

అందరూ ఒకే గదిలో కూర్చుని ఆడేటప్పుడు టీవీని పడుకోబెట్టి, దాని మీద మినియేచర్లు నడిపించే పద్ధతి ఇప్పుడు బాగా వ్యాపించింది. ఇక్కడే గడి లెక్కకు అసలు పరీక్ష. తెర మీది గడి నిజంగా అంగుళం ఉండాలి.

43 అంగుళాల టీవీ అంటే ఐమూల కొలత. 16:9 తెరకు వెడల్పు కావాలంటే ఐమూలను 0.872తో, ఎత్తుకు 0.49తో గుణించాలి. 43 అంగుళాలకు 37.5 × 21. అంటే 37 × 21 గడులు, మామూలు పోరాటానికి ధారాళం. 32 అంగుళాల టీవీలో 27 × 15 గడులే పడతాయి, అది ఇరుకు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో 1920ని 37.5తో భాగిస్తే అంగుళానికి 51.2 పిక్సెళ్లు. మ్యాప్ గడి 100 పిక్సెళ్లయితే జూమ్ 0.51 ఉండాలి. మౌస్ చక్రం తిప్పుతూ సరిగ్గా ఆ అంకె దగ్గర ఆపడం కుదరదు. సీన్ సెట్టింగుల్లో ప్రారంభ దృశ్యం అన్న చోట జూమ్ అంకె రాసే వీలుంది, అక్కడ ఇచ్చేయాలి.

లెక్క సరిగ్గా చేసినా గడి అంగుళం రాకపోతే అనుమానించాల్సినవి మూడు. విండోస్ తెర స్కేలింగ్ 150 శాతమో అంతకంటే ఎక్కువో ఉండటం, 4కే టీవీ తగిలిస్తే అది తనంతట తానే అలా పెట్టుకుంటుంది. బ్రౌజర్ జూమ్ 100 కాకపోవడం. టీవీ ఓవర్‌స్కాన్, అంటే పాతకాలపు అలవాటు కొద్దీ బొమ్మను కాస్త పెంచి అంచులు కోసేయడం. మూడోదానికి టీవీ పిక్చర్ సెట్టింగుల్లో 'జస్ట్ స్కాన్' అనో 'స్క్రీన్ ఫిట్' అనో ఉంటుంది. అన్నీ చూశాక స్టీలు స్కేలు పెట్టి కొలవాలి, ఒక్క గడి కాదు, 10 గడులు. ఒక గడిలో తేడా కంటికి ఆనదు. 10 గడులు 9.6 అంగుళాలు వస్తే 0.51ని 10తో గుణించి 9.6తో భాగించాలి. కొత్త జూమ్ 0.53.

టీవీకి వెళ్లే తెర గేమ్ మాస్టర్ తెర కాకూడదు. విండోస్ మీట, పీ కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోవాలి. 'డూప్లికేట్' పెడితే రహస్యాలన్నీ బల్ల మీదే పరుచుకుంటాయి. ఫౌండ్రీలో 'బల్ల' అనే పేరుతో ఒక ప్లేయర్ ఖాతా తెరిచి, అందరి పాత్రలనూ చూసే అనుమతి దానికిస్తే అందరి చూపూ కలిపి చూపిస్తుంది. ఆ ఖాతాను వేరే బ్రౌజర్‌లో తెరవాలి. ఒకే బ్రౌజర్‌లో రెండు ట్యాబులు తెరిస్తే రెండో లాగిన్ మొదటిదాన్ని తోసేస్తుంది.

టీవీ వస్తువుగా కూడా కొన్ని జాగ్రత్తలు అడుగుతుంది. వెనక గాలి రంధ్రాలుంటాయి కాబట్టి కింద నాలుగు చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తాలి. పైన 3 నుంచి 5 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు పరిస్తే మోచేతులూ, పాచికలూ, చాయ్ గ్లాసులూ తెర దాకా రావు. కొనేటప్పుడు ఐపీఎస్ రకం ప్యానెల్ (తెర) చూసుకోవాలి. వీఏ రకం ఎదురుగా బాగుంటుంది కానీ బల్ల పక్కన కూర్చున్న వాళ్లకు వెలిసిపోయి కనిపిస్తుంది, పైగా ఇక్కడ అందరూ పక్కన కూర్చునే వాళ్లే. ఓఎల్ఈడీ రకం తెర వద్దు. గంటల తరబడి కదలని గ్రిడ్ గీతలు దాని మీద మచ్చలా మిగిలిపోయే ప్రమాదం ఉంది. వెలుగు సగానికి తగ్గించకపోతే బొమ్మల ముఖాలు కింద వెలుతురుకు నల్లగా అయిపోతాయి.

ప్రొజెక్టర్ పై నుంచి వేస్తే బల్ల మీద ఏమీ పెట్టక్కర్లేదు, నిజమే. కానీ చెయ్యి చాపిన ప్రతిసారీ నీడ పడుతుంది, మ్యాప్ బొమ్మల నెత్తి మీద కూడా పడుతుంది. మన ఇళ్లలో బల్లకు సరిగ్గా పైన ఉండేది సీలింగ్ ఫ్యాను. ప్రొజెక్టర్‌ను పక్కకు జరిపి వాలుగా వేస్తే ఒక వైపు గడులు పెద్దవై, ఇంకో వైపు చిన్నవవుతాయి. కీస్టోన్ (వాలు వల్ల వచ్చే వంకర) సరిచేయడంతో గీతలు నిటారుగా వచ్చినా బొమ్మ పదును తగ్గుతుంది. వేసవిలో ఫ్యాను ఆపి ఆడే ధైర్యం ఉంటే తప్ప దీని జోలికి పోకపోవడమే మంచిది.

పదే పదే వాడే మ్యాప్ అయితే, ఉదాహరణకు జట్టు స్థావరమో, ఊరి కూడలో అయితే, దాన్ని అచ్చు వేయించడం చవక, కరెంటు పోయినా బెంగ లేదు. ఏ4 కాగితంలో అంచులు పోగా 7 × 10 గడులు పడతాయి. 24 × 36 గడుల మ్యాప్‌కు 16 కాగితాలు అతికించాలి, అతుకుల దగ్గర గడులు జరుగుతాయి. అంతకంటే ఊరి ఫ్లెక్స్ షాపు నయం. వాళ్ల లెక్క చదరపు అడుగుల్లో, అడుగుకు 12 గడులు. 24 × 36 గడులంటే 2 × 3 అడుగులు, ఆరు చదరపు అడుగులు. ఫైలు 2400 × 3600 పిక్సెళ్లుంటే సరిపోతుంది. ఈసారి మాత్రం గ్రిడ్ గీతలు బొమ్మలోనే ఉండాలి. నాలుగు వైపులా కన్నాలు కొట్టొద్దనీ, 'ఫిట్ టు సైజ్' పెట్టి సాగదీయొద్దనీ ముందే చెప్పాలి. పెళ్లి బ్యానర్లకు అలవాటుపడిన చేతులు తెల్ల అంచు కనిపిస్తే సాగదీసేస్తాయి. డబ్బులిచ్చే ముందు అక్కడే స్కేలు పెట్టి చూసుకోవాలి: 12 గడులు కొలిస్తే సరిగ్గా అడుగు రావాలి, అడ్డంగానూ, నిలువుగానూ.